భోజనం అయిందాండీ

మా పశ్చిమ గోదావరి జిల్లాలో మనిషికి మనిషి ఎదురైతే ముందు అడిగేది "భోజనం అయిందాండీ" అని. దానికి జవాబు "అయిందండీ" అని. ఇంకో జవాబు ఉంటుందని మా వాళ్ళకి తెలియదు. పొయ్యి వెలిగించి రెండు రోజులైనా సరే, కళ్ళు తిరిగి అరుగు పట్టుకుని నిలబడినా సరే, "ఇప్పుడేనండీ, మీదయిందా" అనే అంటారు. లేదన్నామా, అడిగినవాళ్ళు లోపలికి పిలిచి విస్తరి వేయాలి. వేయకపోతే వాళ్ళకి తలవంపులు, వేస్తే మనకి మొహమాటం. ఇద్దరి పరువూ దక్కే దారి ఒక అబద్ధం. నేను తాడేపల్లిగూడెంలో పుట్టి పెరిగినదాన్ని కాబట్టి ఈ అబద్ధం నాకు ఉగ్గుపాలతోనే వచ్చింది. దీనివల్ల ఒక మనిషి ప్రాణం మీదికి వస్తుందని మాత్రం నాకెవరూ చెప్పలేదు, మద్రాసులో నర్సు చదువు చెప్పినవాళ్ళు కూడా.

నా పేరు పుష్పలత. ఏలూరులో ఒక మిషను ఆసుపత్రిలో ఆడవాళ్ళ వార్డుకి హెడ్ నర్సుని. కోపం ముక్కు మీదే ఉంటుందని నాకు పేరు. పంతొమ్మిది వందల ముప్ఫై నాలుగో సంవత్సరంలో మా డాక్టరు మిస్ హాలెట్ దొరసాని గారు కొత్తగా నర్సుల క్లాసు తెరిచి, పాఠాలు చెప్పే పని నా నెత్తిన పెట్టారు. పిల్లలందరూ మిషను బళ్ళలో చదివి వచ్చినవాళ్ళు. పుస్తకం ఇంగ్లీషులో ఉండేది, నేను తెలుగు చేసి చెప్పేదాన్ని. ఆపరేషనుకి ముందు పేషెంటు ఏమైనా తిన్నదేమో అడిగి తెలుసుకోవలెను అని అందులో ఒక్క వాక్యం ఉంది. పిల్లలు దాన్ని శ్రద్ధగా వల్లె వేశారు. ఆ వాక్యం రాసినావిడ గోదావరి జిల్లా చూసి ఉండదు.

క్లాసులో అందరికంటే చురుకైనది వరమ్మ. ఉంగుటూరు పిల్ల, వాళ్ళమ్మ పొలం పనులకి వెళ్ళి చదివించింది. కట్టు కడితే చూడముచ్చటగా కట్టేది. ఒక్కటే చిక్కు, ఆ పిల్ల నోరు విప్పితే అండీలు రాలేవి. గోడకి కొట్టుకుంటే గోడని కూడా "ఏమీ అనుకోకండీ" అని బతిమాలుతుందని మిగతా పిల్లలు ఏడిపించేవారు.

ఎండలు ముదురుతున్న రోజుల్లో మా వార్డుకి శేషారత్నం గారు వచ్చారు. వాళ్ళది మండవల్లి దాటాక కొల్లేరు ఒడ్డున ఊరు. అది కృష్ణా జిల్లాలోకి వస్తుంది గానీ మర్యాదలో మాకేమీ తీసిపోరు. ఆవిడకి పెళ్ళయి చాలా ఏళ్ళయినా పిల్లలు లేరు. కిందటేడు కడుపు ఎత్తుగా కనబడేసరికి ఇంటిల్లిపాదీ పొంగిపోయారు. అత్తగారు వెంకటనరసమ్మ గారు ఊరందరినీ పిలిచి సీమంతం చేశారు. పదో నెల వెళ్ళింది, పన్నెండో నెలా వెళ్ళింది. కడుపు పెరుగుతోంది తప్ప లోపల బిడ్డ కదల్లేదు. శేషారత్నం గారికి అయిదో నెలలోనే అనుమానం వచ్చిందట. అంత సంబరపడుతున్నవాళ్ళకి కాదని చెప్పడం ఎలాగని ఊరుకుందట.

దొరసాని గారు పరీక్ష చేసి, కడుపులో గుమ్మడికాయంత గడ్డ ఉందన్నారు. అది ఏ క్షణాన మెలిపడినా, పగిలినా మనిషి దక్కదని, తీసేస్తే మాత్రం నిక్షేపంలా బతుకుతుందని నాతో ఇంగ్లీషులో చెప్పారు. భర్త సత్తిబాబు గారితో తెలుగులో చెప్పారు. దొరసాని గారి తెలుగు పుస్తకాలు ముందేసుకుని ఒక పంతులు గారు నేర్పిన తెలుగు. "కాలయాపన చేసినచో ప్రాణహాని సంభవించవచ్చును" అన్నారు. సత్తిబాబు గారు కండువా భుజం మీంచి తీసి చంకలో పెట్టుకుని, వినయంగా తలూపి, "తమ దయండీ" అన్నారు. ఏం అర్థమైందో ఆయనకే తెలియాలి.

వాళ్ళు కొల్లేరు దాటి కాలవ మీదుగా పడవలో వచ్చారు. అత్తగారు మా ఆసుపత్రి వెనక వంటపాకలో ఒక మూల కాపురం పెట్టారు. బియ్యం, గిన్నెలు, మంచినీళ్ళ బిందె, సమస్తం వాళ్ళవే. మా వంటమనిషి మరియమ్మ, నర్సులం మేము, అందరం క్రైస్తవులం. మా తాతలు ఏ పేటల్లోంచి వచ్చారో ఊళ్ళో అందరికీ తెలుసు. మా చేతి నీళ్ళు తాగం అని ఎవరూ నోరు తెరిచి అనరు, కానీ తాగరు. మేమూ ఇస్తామనం.

ఆపరేషన్లు సోమవారాలు, గురువారాలు. ఆదివారం సాయంత్రం శేషారత్నం గారికి ఆముదం పట్టాం, ఎనీమా ఇచ్చాం, రాత్రి నుంచి అన్నం తినకూడదని చెప్పాం. "అలాగేనండీ" అంది. సోమవారం పొద్దున్నే వరమ్మ టోపీ సర్దుకుని మంచం దగ్గరికి వెళ్ళి, నవ్వు మొహంతో, "ఏవండీ, భోజనం అయిందాండీ" అని అడిగింది.

"అయిందండీ, ఇప్పుడే," అంది శేషారత్నం గారు, అంతకంటే నవ్వు మొహంతో.

వరమ్మ నా దగ్గరికి, నేను దొరసాని గారి దగ్గరికి పరిగెత్తాం. కడుపులో తిండి ఉండగా క్లోరోఫారం ఇస్తే, మత్తులో వాంతి వచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మనిషి బల్ల మీదే పోతుంది. అందుకని ఆపరేషను ఆపేశారు. ఉత్తి కడుపుతో కోత కోస్తే మనిషి ఆగదని ఇంట్లోవాళ్ళు చాటుగా నాలుగు ముద్దలు తినిపించడం మాకు కొత్త కాదు. ఇదీ అదే అనుకున్నాం.

ఎందుకు ఆగిందో ఆవిడకి చెప్పాలి కదా. ఆ పని వరమ్మకి అప్పజెప్పాను. మీరు తిన్నారు కాబట్టి ఆగిందని చెబితే పెద్దదాన్ని పట్టుకుని తప్పు చేశావన్నట్టు ఉంటుందని వరమ్మకి తోచింది. అందుకని దొరసాని గారికి ఇవాళ తీరిక లేదని చెప్పిందట. దానిదేముందని శేషారత్నం గారు వరమ్మనే ఓదార్చిందట. ఇదంతా నాకు తరవాత తెలిసింది.

గురువారం మళ్ళీ ఇదే కథ. మళ్ళీ ఆముదం, మళ్ళీ ఎనీమా, మళ్ళీ "భోజనం అయిందాండీ", మళ్ళీ "అయిందండీ". దొరసాని గారికి విసుగొచ్చింది. ఇంకొక్క సోమవారం చూస్తానని, అప్పుడూ ఇంతే అయితే ఈ మంచం వేరేవాళ్ళకి ఇవ్వక తప్పదని నాతో అన్నారు. వరండాలో చాపల మీద పడుకుని మంచం కోసం ఎదురుచూస్తున్నవాళ్ళు ఎంతోమంది. ఆవిడ మాటలో తప్పు లేదు.

కాసేపటికి సత్తిబాబు గారు నా కోసం వచ్చారు. కాలవలో నీళ్ళ గురించి, ఈ ఏటి ఎండల గురించి, పడవవాడు చాలా మంచివాడని, వాడికీ పిల్లలున్నారని చెప్పుకొచ్చారు. నాకు విషయం అందడానికి చాలాసేపు పట్టింది. వచ్చే వారం మరమ్మతులకి కాలవ కట్టేస్తారు, పడవలు ఆగిపోతాయి. సోమవారం మధ్యాహ్నం ఆఖరి పడవ. ఆలోగా ఆపరేషను అయితే సరే, కాకపోతే భార్యని ఇంటికి తీసుకుపోతానని ఆయన చెప్పదలచుకున్నది. తీసుకుపోతే ఆవిడ మళ్ళీ రాదు. వచ్చినా శవంగానే.

నాకు ఒళ్ళు మండింది. అత్తగారిని దులిపేద్దామని తిన్నగా వంటపాకలోకి వెళ్ళాను. వెంకటనరసమ్మ గారు అప్పుడే పొయ్యిలో పుల్లలు పెట్టి ఊదుతున్నారు. పొద్దున్న కోడలికి ఏం పెట్టారని నిలదీశాను. ఆవిడ ఊదుగొట్టం కింద పెట్టి నా కంటే ఎక్కువగా మండిపడ్డారు.

"పెట్టడమేంటమ్మా? నిన్న మధ్యాహ్నం తిన్నదే. అది కాస్తా మీ ఆముదానికి పోయింది. సోమవారమూ ఇంతే. రెండుసార్లు ఉత్తి పుణ్యాన మాడ్చేరు పిల్లని."

పొయ్యిలో పుల్లలు ఇంకా అంటుకోలేదు, కింద బూడిద చల్లగా ఉంది. గిన్నెలు బోర్లించి ఉన్నాయి. నేను వచ్చినంత జోరుగానూ వార్డుకి వెళ్ళి, శేషారత్నం గారి మంచం పక్కన కూర్చుని, తినకుండానే తిన్నానని ఎందుకన్నారని అడిగాను. ఆవిడ దుప్పటి అంచు మడతలు పెడుతూ కూర్చుంది.

"లేదంటే ఆ అమ్మాయి అన్నం పట్టుకొస్తుంది కదండీ," అంది చివరికి. "తెచ్చేక నేను వద్దనాలి. ఎందుకు వద్దన్నానో తనకి తెలుస్తుంది. పాపం మొహం చిన్నబుచ్చుకుంటుంది. ఆ పిల్ల నాకు ఒళ్ళు తుడుస్తుందండీ, తల దువ్వుతుంది. అంత మాట నేనెలా అనను?"

భోజనం సంగతి ఆవిడ కుశలప్రశ్న అనుకుంది, ఎవరైనా అనుకునేదే. ఆ జవాబు వల్లే ఆపరేషను ఆగిందని నేను చెబితే ఆవిడ తెల్లబోయింది. దొరసాని గారికి తీరిక లేదన్నారే అని అడిగింది. నాకు ఎవరి మీద కోపగించుకోవాలో తెలియలేదు. ఆవిడ వరమ్మని బాధపెట్టకూడదనుకుంది, వరమ్మ ఆవిడని బాధపెట్టకూడదనుకుంది. మధ్యలో గడ్డ తన మానాన తను పెరుగుతోంది. మంచితనం మీద నాకు అంత కోపం అంతకుముందెప్పుడూ రాలేదు. ఆవిడ మీద జాలీ వేసింది, నిజం చెప్పాలంటే ఎక్కడో కొంచెం పౌరుషం కూడా వచ్చింది. మా అన్నం వద్దనడానికి ప్రాణం పణం పెట్టిందే అనిపించింది. ఆ పౌరుషాన్ని తరవాత చూసుకుందామని పక్కన పెట్టాను.

మర్నాడు క్లాసులో పుస్తకం తెరవలేదు. క్లాసు గదిలోకి ఒక మంచం వేయించి, దుప్పటి కప్పుకుని నేనే పేషెంటుగా పడుకున్నాను. ఒక్కొక్కళ్ళూ వచ్చి నన్ను అడగాలి. ముందు ఎందుకు అడుగుతున్నారో చెప్పాలి. ఇక్కడ మీకెవరూ అన్నం తెచ్చి పెట్టరని చెప్పాలి. కడుపులో అన్నం ఉంటే బల్ల మీద చచ్చిపోతారని చెప్పాలి. అప్పుడు అడగాలి. జవాబు వచ్చేదాకా నవ్వకూడదు.

అదొక తమాషా. పేషెంటు మనసు ఎక్కడ నొచ్చుకుంటుందోనని ఒకమ్మాయి అసలు మాటే అడగకుండా నా కాళ్ళు పట్టింది. ఇంకొకమ్మాయి అన్నం పెట్టరనే మాట దగ్గరికి వచ్చి, కావాలంటే కాఫీ ఇస్తాం అంది. వరమ్మ వంతు వచ్చింది.

"ఏవండీ... మీకు ఇక్కడ ఎవరూ... మీరేమీ అనుకోకండీ..."

"అనుకుంటాను. మళ్ళీ చెప్పు," అన్నాను.

మళ్ళీ చెప్పింది. మళ్ళీ అనుకుంటానన్నాను. మొహం కందిపోయింది, కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఇంట్లో అమ్మ నేర్పిన మాట తప్పని ఆ పిల్లకి ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు. చివరికి పిడికిలి బిగించి, వేలు చూపించి, మీకు ఇక్కడ గుప్పెడు మెతుకులు కూడా ఎవరూ పెట్టరని, తింటే చస్తారని గదంతా దద్దరిల్లేలా చెప్పింది. సరిగ్గా అప్పుడే దొరసాని గారు గుమ్మంలోకి వచ్చారు. హెడ్ నర్సు మంచంలో పడుకుని ఉండటం, పన్నెత్తి మాట్లాడని పిల్ల ఆవిడ మీద వేలు ఆడిస్తూ అరవడం చూసి, "ఇది కలహమా?" అని కంగారుగా అడిగారు.

నేను లేచి జరిగినదంతా చెప్పాను. దొరసాని గారు నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు. స్టూలు మీద కూర్చుని, తాను ఈ దేశం వచ్చినప్పటి నుంచీ ఎంతమందిని నొప్పి ఉన్నదా అని అడిగి ఉంటానో, లేదండీ అన్న ఎంతమందిని నమ్మి ఇంటికి పంపి ఉంటానో అన్నారు. ఆ రోజు నుంచి అడగడం కూడా ఒక పాఠమేనని, కట్టు కట్టడానికి మార్కులు వేసినట్టే దీనికీ వేయమని చెప్పి వెళ్ళారు.

సోమవారం వచ్చింది. దొరసాని గారు చేతులు కడుక్కుంటున్నారు. సత్తిబాబు గారు వరండాలో మూటలు కట్టి పెట్టుకుని కూర్చున్నారు, పడవవాడు ఆయన పక్కన నిలబడి ఉన్నాడు. వరమ్మ శేషారత్నం గారి మంచం దగ్గర నిటారుగా నిలబడి, క్లాసులో నేర్చుకున్నదంతా నవ్వకుండా అప్పజెప్పి, అన్నం తిన్నారా అని అడిగింది. శేషారత్నం గారికి ఈసారి సంగతి తెలుసు. ఏ మొహమాటమూ లేకుండా, "లేదండీ. మెతుకు ముట్టలేదు," అంది.

నా ప్రాణం కుదుటపడింది. స్ట్రెచరు తెప్పించాను. ఆవిడని దాని మీదికి చేర్చాం, ఆపరేషను గదివైపు మళ్ళించాం. గుమ్మం పక్కన వెంకటనరసమ్మ గారు దేవుళ్ళకి దణ్ణాలు పెట్టుకుంటూ నిలబడ్డారు. వరమ్మకి అప్పటికి కరుకుగా మాట్లాడటం కొత్తగా వంటబట్టింది. కొత్త గాజులు వేసుకున్న పిల్ల చెయ్యి ఊరుకోనట్టు దాని నోరూ ఊరుకోలేదు. పోతూ పోతూ ఆగి, అత్తగారిని కూడా అడిగింది.

"మీరేం పెట్టేరండీ ఈవిడకి?"

"అన్నం పెట్టలేదమ్మా, ఒట్టు," అన్నారు వెంకటనరసమ్మ గారు. "అన్నం కూడదన్నారు కదా. ఏకాదశికి నేనుండే ఉపవాసం లాగే పద్ధతిగా ఉంచేను. తెల్లారగట్ల రవ్వంత మినపరొట్టె, రెండు అరటిపళ్ళు, గ్లాసుడు పాలు. అంతే, ఫలహారం."

వరమ్మ స్ట్రెచరుకి అడ్డంగా నిలబడిపోయింది.

మా వైపు పెద్దవాళ్ళు ఉపవాసం ఉన్నారంటే అన్నం తినలేదని లెక్క. రొట్టె తింటారు, ఉప్పుడుపిండి తింటారు, పళ్ళు తింటారు, ఉపవాసం ఏమాత్రం చెడదు. ఇది నాకూ తెలుసు, వరమ్మకీ తెలుసు, ఏలూరులో చంటిపిల్లకి కూడా తెలుసు. తెలిసీ మేము అన్నం ఒక్కటే వద్దన్నాం, అన్నం ఒక్కటే అడిగాం. రెండుసార్లు కోడలు మాడిపోవడం చూసి అత్తగారికి కడుపు తరుక్కుపోయి, మాట దాటకుండా ఏదో మార్గం చూశారు. ఇంకొంచెంసేపటికి మొహం మీద క్లోరోఫారం గుడ్డ పడేది. ఆపరేషను గదిలోకి పరిగెత్తి చెప్పాను.

దొరసాని గారు బయటికి వచ్చారు. తనని క్లాసులోంచి పంపించేస్తారనుకుని వరమ్మ మూలకి నక్కింది. దొరసాని గారు వెళ్ళి ఆ పిల్ల చెయ్యి పట్టుకుని గట్టిగా ఊపారు. తరవాత నాతో, ఆపరేషన్ల రోజు కాకపోయినా సరే, రేపు పొద్దున్నే చేస్తానని చెప్పారు. చేయడానికి ఆవిడ ఉన్నారు. చేయించుకోవలసిన మనిషిని మాత్రం వరండాలో పడవ పిలుస్తోంది.

ఇంకో రోజు ఉండాలని దొరసాని గారు సత్తిబాబు గారికి చెప్పడం మొదలుపెట్టారు. మళ్ళీ కాలయాపన వచ్చింది, మళ్ళీ ప్రాణహాని వచ్చింది. సత్తిబాబు గారు కండువా తీసి చంకలో పెట్టుకుని, "తమ దయండీ" అన్నారు. అని, వంగి మూట అందుకున్నారు. తమరికి చాలా శ్రమ ఇచ్చామని, ప్రాప్తం లేదని, కాలవ తెరిచాక మళ్ళీ వస్తామని అంటున్నారు. ఆయన గొంతులో కోపం లేదు. పెళ్ళికి వచ్చిన చుట్టం సెలవు తీసుకున్నట్టుంది.

ఇంక నావల్ల కాలేదు.

"సత్తిబాబు గారూ, పడవెక్కిస్తే మీ ఆవిడ చచ్చిపోతుందండీ," అన్నాను. "కాలవ తెరిచేదాకా బతకదు. ఇక్కడుంటే బతుకుతుంది."

ఒక పెద్ద రైతు మొహం మీద, భార్య గురించి, ఆ మాట ఎవరూ అనరు. పడవవాడు నేల చూశాడు. సత్తిబాబు గారి చేతిలో మూట జారింది. ఆయన అరుగు మీద కూర్చుండిపోయి, నా వైపూ దొరసాని గారి వైపూ మార్చి మార్చి చూశారు.

"ఈ మాట ఇన్నాళ్ళూ ఎవరూ చెప్పలేదేమండీ?" అన్నారు.

"నేను చెప్పితిని," అన్నారు దొరసాని గారు, దీనంగా.

సత్తిబాబు గారు కళ్ళు తుడుచుకుని పడవవాణ్ణి వెళ్ళిపొమ్మన్నారు. కాలవ కట్టేస్తే రైలెక్కి వస్తామని, చేలో పని ఎవరికైనా అప్పగించమని తమ్ముడితో చెప్పమన్నారు. అత్తగారు వంటపాకలో కూలబడి, తన చేతులారా కోడల్ని చంపుకోబోయానని గుండెలు బాదుకుంటుంటే, వరమ్మే వెళ్ళి పక్కన కూర్చుంది. ఏం చెప్పి ఊరడించిందో నాకు తెలియదు, అండీలు మాత్రం దూరానికి వినిపించాయి.

ఆ సాయంత్రం మేము కొత్త ప్రశ్న తయారుచేశాం. అన్నం మాట లేదు, భోజనం మాట లేదు. రాత్రి నుంచీ మీ నోట్లోకి ఏమేం వెళ్ళాయో చెప్పండి, నీళ్ళతో సహా. పేషెంటుని ఒకసారి అడగాలి, వండిపెట్టేవాళ్ళని ఒకసారి అడగాలి. ఆ మాట ఇప్పటికీ మా క్లాసులో మొదటి పాఠం. బయటి ఊళ్ళ నర్సులు వచ్చినప్పుడు మమ్మల్ని కాస్త మోటుగా ఉన్నామనుకుంటారు. అనుకోనిస్తాం.

మంగళవారం పొద్దున్న వరమ్మ ఆ ప్రశ్న అడిగింది. ఆవిడ నోట్లోకి ఏమీ వెళ్ళలేదు. అత్తగారి మీద నమ్మకం ఉన్నా, రాత్రంతా మంచం పక్కన ఒక నర్సుని కూర్చోబెట్టాను. క్లోరోఫారం నేనే ఇచ్చాను. ఒకటి, రెండు అని లెక్కపెట్టమంటే శేషారత్నం గారు అయిదో అంకె దగ్గర నిద్రపోయింది. గడ్డ చెక్కుచెదరకుండా, మెలిపడకుండా, మొత్తంగా బయటికి వచ్చింది. దాన్ని పట్టుకోవడానికి వరమ్మ తెచ్చిన పళ్ళెం సరిపోక బేసిను తెప్పించాం. ఆఖరి కుట్టు వేశాక దొరసాని గారు మాస్కు లాగేసి తెలుగులో "శుభము" అన్నారు. పంతులు గారు నేర్పిన తెలుగులో ఆ ఒక్క మాట నాకు నచ్చింది.

మధ్యాహ్నమంతా ఆవిడ మూలుగుతూ, మగతలో ఏదో గొణుగుతూ ఉంది. ఎండ తగ్గే వేళకి కళ్ళు తెరిచింది. సత్తిబాబు గారు గుమ్మంలోనే నిలబడిపోయారు. అత్తగారు మంచానికి అవతల వైపు చెయ్యి పట్టుకుని కూర్చున్నారు. వరమ్మ వంగి నుదురు తుడుస్తోంది. ఎలా ఉందని ఎవరూ అడగలేదు. అడిగితే బాగానే ఉందండీ అంటుందని అందరికీ భయం.

శేషారత్నం గారు ఎవరెవరు ఉన్నారో నెమ్మదిగా చూసింది. అత్తగారిని చూసింది, నన్ను చూసింది, వరమ్మ దగ్గర ఆగింది.

"ఒసేయ్ పిల్లా, ఆకలేస్తోందే," అంది. గొంతు సరిగా పెగలడం లేదు. "కడుపు కాలిపోతోంది. ఏదన్నా పెట్టు. మీరు వండుకున్నదైనా సరే, నువ్వు తినేదేదో పట్రా."

వెంకటనరసమ్మ గారు ఉలిక్కిపడి చూశారు గానీ వద్దనలేదు. వరమ్మ చేతిలో తడిగుడ్డ ఆగిపోయింది. ఆ పిల్లకి ఏమనిపించిందో నాకు తెలుసు, ఎందుకంటే నాకూ అదే అనిపించింది. ఆ క్షణాన పరిగెత్తుకెళ్ళి మరియమ్మ చేత వేడివేడిగా అన్నం వార్పించి, పప్పు వేసి, నెయ్యి వేసి, ఒక్కొక్క ముద్దా కలిపి నోట్లో పెట్టాలనిపించింది. కానీ కడుపు కోసి కుట్టిన మనిషికి ఆ పూట తడిగుడ్డతో పెదాలు తడపడం తప్ప ఇంకేమీ కూడదు. వరమ్మ నా మొహంలోకి చూసింది. నేను తల అడ్డంగా ఊపాను.

"పెట్టమండీ," అంది వరమ్మ. కళ్ళల్లోంచి నీళ్ళు కారుతున్నా గొంతు వణకనివ్వలేదు. "ఇవాళ మీకు ఎవరూ ఏమీ పెట్టరండీ."

శేషారత్నం గారికి కోపం వచ్చింది. ఆకలేస్తున్న మనిషికి పిడికెడన్నం పెట్టలేని ఆసుపత్రి ఏం ఆసుపత్రి అంది. వరమ్మని రాతిగుండె దానివంది, నన్ను రాక్షసివంది, దొరసాని గారినీ వదిలిపెట్టలేదు. ఊపిరి అందనప్పుడు ఆగి, అందాక మళ్ళీ మొదలుపెట్టింది. గుమ్మంలో సత్తిబాబు గారు సిగ్గుతో చచ్చిపోతూ, ఏమీ అనుకోవద్దని నాకు సైగలు చేస్తున్నారు. ఆవిడ గొంతు మాటమాటకీ బలంగా వస్తోంది. నేను ఏడుస్తూనే ఆవిడ నాడి పట్టుకుని చూశాను. చక్కగా కొట్టుకుంటోంది.